రాజులమ్మ నడక

ఎనిమిది పేర్లలో ఒకటి ఇంకా పళ్ళు కూడా రాని పిల్లాడిది.

సాయిదుర్గ ఆ కాగితాన్ని మూడుసార్లు చదివింది. వీడియో గేమ్ ఆడటం పూర్తయ్యాక తెర మీద కింద నుంచి పైకి పోయే పేర్లుంటాయి చూడండి, వాటిలో సికింద్రాబాద్ జట్టుకు కెనడా కంపెనీవాళ్ళు ఇచ్చిన చోటు సరిగ్గా ఎనిమిది పేర్లకి. మొదటిది యజమాని మధుసూదన్‌ది. సరే, కంపెనీ ఆయనది. రెండోది ఆయన భార్య కామాక్షిది. ఆవిడ వారానికోసారి వచ్చి, ఏసీ ఇంత చల్లగా ఎవరు పెట్టారని అడిగి, టీ తాగి వెళ్ళిపోయేది. మూడోది ఆయన బావమరిదిది. ఆ మనిషిని ఆఫీసులో ఎవరూ చూడనే లేదు. తర్వాత నాలుగు పేర్లు పనిచేసినవాళ్ళవే, టీమ్ లీడ్ దయాకర్‌తో కలిపి. ఇక ఎనిమిదోది, అదీ 'యానిమేషన్' అన్న మాట పక్కన, మాస్టర్ ప్రణీత్. మధుసూదన్ గారి ఐదు నెలల కొడుకు.

తన పేరు లేదు. కాగితం తిప్పి వెనక కూడా చూసింది. అక్కడ ఎవరో టీ గ్లాసు పెట్టిన మరక ఉంది.

కోపం ఆమెకు కొత్త కాదు. ముక్కు మీదే ఉంటుంది, తుమ్మితే రాలుతుందని ఆఫీసులో వేళాకోళం చేసేవాళ్ళు. కానీ ఆవేళ వచ్చింది ఆ రకం కాదు. అరికాలి నుంచి మొదలై నెత్తికెక్కి, అక్కడ నుంచి ఎటు పోవాలో తెలియక చెవుల్లో కొట్టుకుంది. ఎందుకంటే ఆ ఆటలో జనం ఏదైనా గుర్తుపెట్టుకుంటే అది అందులోని ముసలావిడ నడకే, ఆ నడక వేసింది తను.

అది రెండువేల ఏడు. ఊరంతా హైటెక్ సిటీ వైపు క్యాబుల్లో పరిగెడుతున్న కాలం. అందరి పిల్లలూ సాఫ్ట్‌వేర్‌లో ఉంటే సాయిదుర్గ మాత్రం సైనిక్‌పురిలో ఒక రిటైర్డ్ కల్నల్ గారి మేడ మీద, పాతికమంది కూర్చునే చోట, విదేశీ ఆటలకు బొమ్మల్ని నడిపించే పని చేసేది. చుట్టాలకు ఎన్నిసార్లు చెప్పినా అర్థమయ్యేది కాదు. ఆటలు ఆడినందుకు జీతమిస్తారా అని నవ్వేవాళ్ళు. ఆడటం కాదు పిన్నీ, చెయ్యడం అని చెప్పీ చెప్పీ ఆమెకు విసుగొచ్చి మానేసింది.

చెయ్యడం అంటే ఏం చెయ్యడం? కథ, నాయకుడు, యుద్ధం, ఇవన్నీ అక్కడివాళ్ళవి. వెనకాల సంతలో బేరమాడేవాళ్ళు, రైలు కోసం నిలబడేవాళ్ళు, బాంబు పడితే పరిగెత్తేవాళ్ళు, ఆ జనాన్ని మాత్రం మన దగ్గర చేయించుకునేవాళ్ళు. నాయకుడి మీసానికి అక్కడ ఇద్దరు పనిచేస్తే, ఇక్కడ ఒక్కొక్కరు వారానికి ముగ్గురు మనుషుల్ని నడిపించాలి.

ఈ ఆటలో నాయకుడు లేడు. డెబ్భై ఏళ్ళ ముసలావిడ ఉంది. కొండల్లో యుద్ధం జరుగుతుంటే దారులన్నీ మూసుకుపోతాయి. ఆవిడ నెత్తిన మూటతో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరుకు మోస్తుంది. తుపాకీ పట్టదు. మధుసూదన్ మొదట్లోనే పెదవి విరిచాడు. ముసలమ్మని ఎవడు కొంటాడన్నాడు. గొప్ప ఆట అంటే ఆయన లెక్కలో కార్లు తళతళలాడాలి, రక్తం గోడ మీద పడితే నిజం రక్తంలా జారాలి. సాయిదుర్గ లెక్క వేరు. వేలితో కంట్రోలర్ మీది చిన్న పుల్లని ముందుకు తోసినప్పుడు తెర మీద కదిలే మనిషి బరువు ఆడేవాడి ఒంట్లో తెలియాలి. అది తెలిస్తే ఎవరో విదేశంలో సోఫాలో కూర్చున్న కుర్రాడు గంటసేపు ముసలావిడ అయిపోతాడు. పుస్తకం చదివితే ఆవిడ మీద జాలిపడతాడు, సినిమా చూస్తే ఏడుస్తాడు, ఆటలో మాత్రం ఆవిడ మోకాళ్ళు వాడివే. ఈ మాట ఆమె ఒకసారి మీటింగులో చెబితే మధుసూదన్ గడియారం చూసుకున్నాడు.

ఆమె వంతుకు వచ్చింది సంతలో మూట మోసే ఒక ఆడమనిషి. పేరు లేదు, మాట లేదు, తెర మూలన రెండు క్షణాలు కనిపిస్తుంది. ఆ నడక కోసం సాయిదుర్గ వెతుక్కోనక్కర్లేకపోయింది. కాప్రాలో ఆమెతోనే ఉంటున్న తల్లి రాజులమ్మ ఇరవై ఏళ్ళు నౌపడ ఉప్పు మడుల్లో తట్టలు మోసింది. గట్లు జారుడు. పైన తడి ఉప్పు. అలాంటి చోట నడిచినవాళ్ళు మడమ ముందు వెయ్యరు. పాదం బయటి అంచు ఆనించి, నేల ఏమంటోందో చూసి, అప్పుడు బరువు దించుతారు. మెడ కదలదు. ఒక్క చెయ్యే ఊగుతుంది. పని మానేసి ఇన్నేళ్ళైనా రాజులమ్మ కూరగాయల మార్కెట్‌కి అలాగే నడిచి వెళ్తుంది.

ఎనిమిది రోజులు తల్లిని డాబా మీద నడిపించింది. పక్కన కడుతున్న అపార్టుమెంటు నుంచి తడి ఇసుక తెచ్చి తట్టలో పోసింది. ముందు నుంచి, వెనక నుంచి, పక్క నుంచి, నేల మీద పడుకుని పాదాల దగ్గర నుంచి వీడియో తీసింది. ఇంటి ఓనరు కమలాబాయి పైకొచ్చి, ఏందమ్మా, బోనాలు గిప్పుడే షురూ చేసిన్రా అని నవ్వి పోయింది. రాజులమ్మ మోకాళ్ళు వాచినా కూతురు ఇంకొక్కసారి అమ్మా అంటే మళ్ళీ తట్ట ఎత్తుకునేది. ఐదో రోజు జారుడు కావాలని సాయిదుర్గ డాబా మీద సబ్బునీళ్ళు పోసింది. ఏడో రోజు తల్లి పడింది. పడుతూ కూడా రెండు చేతులూ తట్టకే వేసింది, ఒంటికి వెయ్యలేదు. మోచెయ్యి గీరుకుని రక్తం వచ్చింది. సాయిదుర్గ ముందు కెమెరా తిరుగుతోందో లేదో చూసుకుంది. ఆ తర్వాతే వెళ్ళి లేపింది.

ఆ నడక కెనడాకు వెళ్ళిన పది రోజులకు అక్కడి డైరెక్టర్ నుంచి మెయిల్ వచ్చింది. సంతలో మూలన ఉన్న ఆ మనిషి ఎవరు, మేం రెండేళ్ళుగా వెతుకుతున్నది అదే అని. అక్కడ ఒక నటి ఒంటికి కదలికని పట్టే చిన్న దీపాలు కట్టి నడిపించి తీసిన నడకని పక్కన పడేశారు. సంతలో పేరు లేని మనిషి నడక కథలో ముసలావిడకి వచ్చింది. జారిపడటం, మూటని కాపాడుకోవడం, అన్నీ. ఆఫీసులో కేకు కోశారు. కేకు మధుసూదన్ కోశాడు.

ఇదంతా జరిగాక కూడా పట్టీలో ఐదు నెలల పిల్లాడున్నాడు, తను లేదు. సాయిదుర్గ కాగితం పట్టుకుని నేరుగా ఆయన గదిలోకి వెళ్ళింది.

ఆయన కోపగించుకోలేదు, అదే ఆమెను మరింత మండించింది. కుర్చీ చూపించాడు. నువ్వు కాంట్రాక్టు మీద ఉన్నావు కదమ్మా, పర్మనెంటు వాళ్ళ పేర్లే వేస్తాం, సంతకం పెట్టిన కాగితంలో ఉంది చూసుకో అన్నాడు. మరి ప్రణీత్ పర్మనెంటా అని ఆమె అడిగింది. ఆయన చిన్నపిల్లకు చెప్పినట్టు నెమ్మదిగా వివరించాడు. ఆట తయారవుతుండగా పుట్టిన పిల్లల పేర్లు వెయ్యడం విదేశాల్లో ఆచారమట. కెనడా వాళ్ళే ఫోనులో అడిగారట, మీ వాళ్ళెవరికైనా పిల్లలు పుట్టారా అని. పుట్టాడు కాబట్టి వేశాడు. వాళ్ళ ఆచారాన్ని మనం గౌరవించకపోతే ఎలా అన్నాడు.

ఆ నెలంతా ఆమె అన్నం సరిగ్గా తినలేదు. రోజూ పొద్దున వెళ్ళి ఆయన గది ముందు నిలబడేది. ఆయన ఫోనులో ఉన్నానని చెయ్యి ఊపేవాడు. కాన్ఫరెన్సనేవాడు, ఢిల్లీ అనేవాడు, చూద్దాం అనేవాడు. ఇంటికొచ్చి ఆమె మధుసూదన్‌ని ఏడు తరాల దాకా తిట్టేది. నా పనిని వాడి కొడుకు పేరున రాసుకున్నాడమ్మా, నా కష్టం నోటి దగ్గర కూడు లాక్కున్నట్టు లాక్కున్నాడమ్మా అని గిన్నెలు ఎత్తి పడేసేది. రాజులమ్మ మోకాళ్ళకు ఆముదం రాసుకుంటూ అంతా వినేది. ఒగ్గకు అనేది. కష్టపడిన మనిషిని లేనట్టు సేసినోడిని ఒగ్గకూడదే అనేది.

చివరికి మెలిక విప్పింది దయాకర్. మౌలాలి మనిషి, నెమ్మదస్తుడు, అందరితో మంచిగా ఉండాలనుకునేవాడు, అందుకే ఇన్నాళ్ళూ నోరు విప్పలేదు. కెనడా వాళ్ళ పాత ఆటల పేర్లన్నీ తెరిచి చూసి, పిల్లల పేర్లకు చివర్లో వేరే విభాగం ఉందని కనిపెట్టాడు. ఎంతమందినైనా రాసుకోవచ్చు. అది ఎనిమిదిలోకి రాదు. మధుసూదన్ ఆచారం గురించి విన్నాడు గానీ దానికి చోటెక్కడో వినలేదు. ఆ మాట పట్టుకుని సాయిదుర్గ మళ్ళీ గదిలోకి వెళ్ళింది. ఈసారి కూర్చోలేదు.

"రేపు విలేకరులు ఫోన్ చేసి ఈ నడక వేసిన ప్రణీత్‌తో మాట్లాడాలంటే ఏం చెబుతారు సార్? నడక వేసినవాడికి ఇంకా నడకే రాలేదని చెబుతారా?"

మధుసూదన్ మొహం ఎర్రబడింది. పరువు మీదికి వచ్చేసరికి ఆయనకి విషయం త్వరగానే అర్థమైంది. పిల్లాడు పిల్లల వరసలోకి వెళ్ళాడు. ఖాళీ అయిన చోట సాయిదుర్గ పేరు రాయమని దయాకర్‌తో చెప్పి, తలుపు వేసి వెళ్ళమన్నాడు.

గెలిచింది. గెలిచినా ఒళ్ళు చల్లారలేదు. నెల రోజుల మంట ఒక్క వరసతో పోయేది కాదు. దయాకర్ కంప్యూటర్ ముందు కూర్చుని కెనడా వాళ్ళ పత్రం నింపుతుంటే, సరిగ్గా రాస్తున్నాడో లేదోనని ఆమె వెనకే నిలబడింది. ఆమె పేరు అక్షరం అక్షరం కొట్టాడు. కిందికి జరిపాడు. ఇంకో ఖాళీ గడి వచ్చింది. చదివి వెనక్కి తిరిగాడు.

"గీ గడిల నడిచి చూపిచ్చినోళ్ళ పేరు అడుగుతున్నరు. మీ అమ్మ పేరు చెప్పు జెర."

"నా పేరే రాయండి దయాకరన్నా. ఆయనకి రెండు చోట్లా కనపడాలి."

"గట్లెట్ల? నడిచింది అమ్మ గదా."

"నడిపించింది నేను."

దయాకర్ మంచివాడు కదా, ఆమె మొహం చూసి రాసేశాడు. పత్రం వెళ్ళిపోయింది.

ఆట వచ్చింది. మధుసూదన్ ఎవడు కొంటాడన్న ముసలమ్మని జనం ఎగబడి కొన్నారు. ఎక్కడెక్కడివాళ్ళో ఆ నడక గురించి పేజీలకు పేజీలు రాశారు. ఒకాయన తను మొదటి గంటలో కథ ఏమిటో కూడా పట్టించుకోలేదని, ఊరికే ఆవిణ్ణి నడిపిస్తూ ఉండిపోయానని రాశాడు. ఇంకొకాయన ఆవిడ జారిపడి, ఒళ్ళు వదిలేసి మూటని పట్టుకున్న చోట కంట్రోలర్ కింద పెట్టి బయటికి వెళ్ళానని, వచ్చి తన అమ్మమ్మకి ఫోన్ చేశానని రాశాడు. ఏడాది తిరక్కుండా మూడు వేరే ఆటల్లో మనుషులు పాదం బయటి అంచు ఆనించి నడవడం మొదలుపెట్టారు. ఉద్యోగానికి వచ్చే కుర్రాళ్ళు ఆ నడకనే కాపీ కొట్టి ఆమెకే చూపించేవాళ్ళు. సాయిదుర్గ పర్మనెంటు అయింది, తర్వాత లీడ్ అయింది. ఇంగ్లీషు పేపరు సిటీ పేజీలో ఫొటో వేశారు. ఈ నడక మీకు ఎలా తట్టిందని విలేకరి అడిగితే, పరిశీలన అని చెప్పింది.

తల్లి మాత్రం ఆటని చూడలేదు. ఇంట్లో ఆ యంత్రం లేదు. ఒక ఆదివారం మధ్యాహ్నం దయాకర్ ఆఫీసుది పట్టుకొచ్చి, టీవీకి తగిలించి, ఎలా ఆడాలో చూపించి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు.

రాజులమ్మ కంట్రోలర్ని రెండు చేతులతో పట్టుకుని పుల్లని ముందుకు తోసింది. తెర మీద ముసలావిడ కదిలింది. రాజులమ్మ చెయ్యి తీసేసింది. మళ్ళీ తోసింది. నాలుగడుగులు. నోరు తెరుచుకుని కూతురి వైపు చూసి, మళ్ళీ తెర వైపు తిరిగింది. ఇది నా కాలే కదేటి అంది. కాసేపటికి ఆవిణ్ణి తడిరాళ్ళ మీదికి తీసుకెళ్ళింది, తనకు తెలిసినట్టే అడుగు ఆచితూచి పడింది. జారిన చోట తన మోచేతిని తనే పట్టుకుంది. ఊళ్ళోకి వెళ్ళి మూట దించితే మాత్రం తిట్టింది. ఒంటరిగా అలా దించితే నడుం పోతుందని, పక్కనోళ్ళు ఒక చెయ్యి వెయ్యాలని, ఆ ఊరోళ్ళకి బుద్ధి లేదని. సాయిదుర్గ పడీ పడీ నవ్వింది. ఇన్ని మెచ్చుకోళ్ళు చదివింది గానీ ఆ నడక ఎంత బాగా వచ్చిందో ఆమెకు అప్పుడే పూర్తిగా తెలిసింది. సంతోషం పట్టలేక, ఆగమ్మా, పేర్లు చూపిస్తానని కంట్రోలర్ అందుకుంది.

పేర్లు పైకి పోవడం మొదలైంది. వందల పేర్లు. సికింద్రాబాద్ జట్టు రాగానే ఆపింది. లేచి వెళ్ళి తెర మీద వేలు పెట్టింది. ఇదే, ఇదే నేను, సాయిదుర్గ, చూడు అంది. రాజులమ్మ దగ్గరికి వచ్చి కళ్ళు చికిలించి, ఇంగ్లీషు రాకపోయినా, ఆ పేరుని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. బాగున్నాది అంది. నువ్వు అంత యాతన పడినందుకు వొచ్చినాది అంది.

పేర్లు మళ్ళీ కదిలాయి. సాయిదుర్గ ఏమరుపాటున ఉండిపోయింది. ఆ గడి సంగతి ఆమెకు నిజంగా గుర్తు లేదు. తెర మధ్యలో ఒంటరిగా ఒక పేరు వచ్చింది, పైన చిన్న అక్షరాల్లో, నడిచి చూపించినవారు అని. రాజులమ్మ ఆపమంది. ఇదేటి, ఇందులో ఏటి రాసున్నాది అని అడిగింది.

సాయిదుర్గకు అప్పుడు గుర్తొచ్చింది. అయినా నోరు ముందుకే పోయింది.

"నడిచినవాళ్ళ పేరమ్మా. అది నువ్వే."

రాజులమ్మ చాలాసేపు చూసింది. చదువు రాదు గానీ ఇరవై ఏళ్ళు బస్తాల మీద గుర్తులు చూసి ఏది ఏ కాంట్రాక్టరుదో విడదీసిన మనిషి. గుర్తు చూస్తే మరిచిపోదు.

"ఇందాక నువ్వు వేలెట్టి సూపినావే, అదే పేరు కదేటి ఇది."

రాజులమ్మ గట్టిగా అనలేదు. ఆ గొంతులో ఉన్నది ఏడుపు కాదు, కోపం. కూతురికి ఆ కోపం బాగా తెలుసు, నెల రోజులు అదే తిని అదే తాగింది.

"పడినదాన్ని నాను. నా పేరు రాయడానికి సోటు నేదేటి?"

చోటు ఉందమ్మా అని సాయిదుర్గ అనాల్సి వచ్చింది. దయాకరన్న అడిగాడు కూడా అంది. అడిగితే నేనే వద్దన్నాను అంది. ఒకదాని తర్వాత ఒకటి బయటికి వచ్చేశాయి. మధుసూదన్ మీద మంటతో చేశానని చెప్పబోయి, ఆ మాట ఎంత చవకగా ఉందో నోట్లో ఉండగానే తెలిసి మానేసింది. తన మీద తనకు అసహ్యం వేసింది.

రాజులమ్మ తెర మీద ఉన్న పేరు వంకే చూస్తూ అడిగింది.

"నీకు ఒళ్ళు మండినప్పుడు ఆ మధుసూదనం గదిలోకి ఎల్లినావు. మరి నానెవులి గదిలోకి ఎల్లాలే?"

ఇంట్లో ఉన్నది ఒక్కటే గది. అందులో ఇద్దరూ ఉన్నారు.